ఈ పీక్ ఎవరిది? (పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

పోయిన సంచికలో మ్యాట్రిక్స్ ఐసొలేషన్ గురించి ఒక పేరా రాశాను. ఒక వంతు అణువుల్ని వెయ్యి వంతుల ఆర్గాన్‌లో కలిపి, 12 కెల్విన్ల చలిలో ఒక బిళ్ల మీద గడ్డకట్టించి, పరారుణ కాంతితో వాటిని ఒకదానికొకటి తగలకుండా ఒంటరిగా ఉండగా చూసే పద్ధతి అది. నా పరిశోధన అంతా అందులోనే సాగింది. ఆ ఒక్క పేరాకి ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా ఉత్తరాలు వచ్చాయి. ఈ నెల పేజీలు పూర్తిగా వాటికే.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పలాస. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా పెద్దమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసయ్యింది. మీరు రాసిన ఆ పని మీదే పీహెచ్‌డీకి సీటు వచ్చింది. మైనస్ 260 డిగ్రీల చలి దగ్గర పని అంట. అంత చలిలో పిల్ల చేతులు ఏమైపోతాయి? దానివల్ల లోకానికి ఉపయోగమేటి? వాళ్ల నాన్న వద్దంటన్నారు. మీరేటి చెప్తారు?
- ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, ముందు చేతుల సంగతి. పిక్క కొట్టేటప్పుడు జీడి రసం తగిలి తోలు ఊడిన వేళ్లు ఎలా ఉంటాయో నేను చూశాను. మీకు మొదట పిల్ల చేతులే ఎందుకు గుర్తొచ్చాయో నాకు తెలుసు. మీ అమ్మాయి చేతులకి ఆ చలి తగలదు. ఆ గదిలో మామూలు ఏసీ చల్లదనమే ఉంటుంది. మైనస్ 261 డిగ్రీలు, అంటే 12 కెల్విన్లు, ఉండేది రూపాయి బిళ్లంత ఒక్క బిళ్ల మీద. పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పుతో చేసిన, గాజులా కనిపించే బిళ్ల అది. దాన్ని రాగి చట్రంలో బిగిస్తారు. చుట్టూ స్టీలు తొడుగు పెట్టి, లోపలి గాలిని పంపులతో లాగేస్తారు. ఎంతగా అంటే, చివరికి లోపల మిగిలే పీడనం బయటి దానిలో నూరు కోట్లలో ఒక వంతు. గాలి లేని చోట వేడి అంత తేలిగ్గా దాటలేదు, మన థర్మాస్ ఫ్లాస్కులో జరిగేది ఇదే. పైన తొడుగు మీద చెయ్యి వేస్తే గది ఎంత వెచ్చగా ఉందో అదీ అంతే.

జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి, అవి చెప్పకపోతే తప్పు. నిలువెత్తు గ్యాసు సిలిండర్‌ని గోడకి గొలుసుతో కట్టాలి. ఆర్గాన్ విషం కాదు గానీ తలుపులు మూసిన చిన్న గదిలో లీకైతే ఊపిరికి చాలినంత ఆక్సిజన్ ఉండదు. అతినీలలోహిత దీపం వెలిగించినప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఇవన్నీ మొదటి వారంలోనే నేర్పుతారు. నేర్పకపోతే అడగమనండి.

ఇక పని. మా అమ్మమ్మ వాళ్లది భీమాలి వైపు. ఎండాకాలం చాప మీద మామిడి రసం పలచగా పోసేది. అది ఎండాక ఇంకో పొర, అది ఎండాక మరో పొర. తొందరపడి ఒకేసారి మందంగా పోస్తే పైన తోలు కడుతుంది, లోపల పచ్చిగా ఉండి పులిసిపోతుంది. ఆ చల్లటి బిళ్ల మీద గ్యాసు పొయ్యడం కూడా తాండ్ర పొయ్యడంలాగే. గంటకి సుమారు ఒక టీ గ్లాసుడు గ్యాసు, అంతకంటే ఎక్కువ పనికిరాదు. సన్నటి దారిలోంచి వచ్చి బిళ్లకి తగిలిన చోటే గడ్డకడుతుంది. వేగం పెంచామంటే వచ్చే గ్యాసు వేడికే పైపొర కాస్త మెత్తబడుతుంది, అణువులు జారి ఒకదాన్నొకటి అంటుకుంటాయి. అప్పుడు మనం చూడాలనుకున్న ఒంటరి అణువు పోయి గుంపు మిగులుతుంది. ఓపిగ్గా పోస్తే ప్రతి అణువు చుట్టూ అన్ని వైపులా ఆర్గానే. వెయ్యికి ఒకటి అన్నానే, వెయ్యంటే పొడవున పది, అడ్డంగా పది, ఎత్తున పది. ఒక అణువు నుంచి ఇంకో అణువుకి దగ్గర దగ్గర పది ఆర్గాన్ల ఎడం. ఆ చలిలో అది కదిలి పక్కదాన్ని చేరలేదు.

ఉపయోగం అడిగారు. ఏ రసాయన చర్యలోనైనా మొదట ఉన్నది తెలుస్తుంది, చివర మిగిలింది తెలుస్తుంది. నడుమ పుట్టి, కన్ను మూసి తెరిచేలోగా పోయేవి ఉంటాయి. చర్య ఏ దారిన పోతుందో నిర్ణయించేవి అవే. 1954లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జార్జ్ పిమెంటెల్, ఆయనతోపాటు విటిల్, డౌస్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు, అలాంటి అల్పాయుష్షు అణువుల్ని ఆపి చూడటానికే. 1960లో పిమెంటెల్ బృందం గడ్డకట్టిన కార్బన్ మోనాక్సైడ్‌లో హైడ్రోజన్ అయోడైడ్‌ని పెట్టి కాంతి పంపింది. విడిపోయిన హైడ్రోజన్ పరమాణువు పక్కనున్న కార్బన్ మోనాక్సైడ్‌కి అతుక్కుంది. అలా ఫార్మైల్ రాడికల్‌ని పరారుణ కాంతిలో మొదటిసారి చూశారు. మన పొయ్యి మంటలో క్షణక్షణం పుట్టి చచ్చే అణువు అది. మన దేశంలో కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రంలో ఇదే పద్ధతిలో ఫాస్ఫేట్ల ఆకారాలు చూశారు. వాడేసిన అణు ఇంధనం నుంచి యురేనియంని, ప్లుటోనియంని వేరు చెయ్యడానికి ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రవం కావాలి. ఆ కుటుంబంలో చిన్నది ట్రైమిథైల్ ఫాస్ఫేట్, దాని చేతులు ఎన్ని రకాలుగా మెలిక పడగలవో గది ఉష్ణోగ్రతలో విడదీసి చూడటం కష్టం. చలిలో ఆపితే ఒక్కో మెలికా విడిగా కనబడుతుంది.

వాళ్ల నాన్నగారికి ఇంకొకటి చెప్పండి. సీఎస్‌ఐఆర్ లేదా యూజీసీ ఇచ్చే జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే పిల్లకి నెలకి 37,000 రూపాయలు ఇస్తారు, ఇంటి అద్దె భత్యం విడిగా. చేతి నుంచి పెట్టి చదివించే చదువు కాదిది. చేరేముందు మాత్రం పిల్ల చేత గైడుని మూడు మాటలు అడిగించండి. క్రయోస్టాట్, అంటే ఆ బిళ్లని చల్లబరిచే యంత్రం, ఇప్పుడు పని చేస్తోందా? చివరిసారి సర్వీసు ఎప్పుడు చేశారు? దాని మీద ఎంతమంది వంతులు పంచుకుంటున్నారు? దాన్ని నడిపే హీలియం కంప్రెసర్ ఆగిపోతే నెలలు పోతాయి. నాకు ఏడు నెలలు అలా పోయాయి. మిగతాదానికి నేను హామీ. పంపండమ్మా.

ప్రశ్న: రణస్థలం దగ్గర ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తున్నాను. రోజూ మందుని కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) పొడితో కలిపి పెల్లెట్ నొక్కి, ఎఫ్‌టీఐఆర్ అనే పరారుణ మెషీన్‌లో స్పెక్ట్రం తీస్తాం. ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం) పీక్ ఎప్పుడూ కొండలా వెడల్పుగానే వస్తుంది. మీరు గీత గీసినట్టు సన్నగా వస్తుందని రాశారు. మెషీన్ తేడానా? మా మెషీన్‌తో అది సాధ్యమా?
- ఒక కెమిస్టు, రణస్థలం

జవాబు: మెషీన్‌లో తేడా తక్కువ, నమూనాలోనే తేడా అంతా. అణువులోని బంధం తన కంపనానికి సరిపడే పరారుణ కాంతిని మింగుతుంది, మింగిన చోట స్పెక్ట్రంలో పీక్ వస్తుంది, అది సన్నగా ఉంటే గీత. విజయనగరంలో సిరిమాను జాతర రోజున మూడులాంతర్ల కూడలి దగ్గర నిలబడితే ఎవరి గొంతూ విడిగా వినబడదు, ఒకటే హోరు. అక్కడే తెల్లవారుజామున నిలబడితే పాలబ్బాయి సైకిల్ బెల్లు కూడా వినబడుతుంది. మీ పెల్లెట్‌లో ప్రతి ఓహెచ్ పక్కవాటి మీద వాలి ఉంటుంది. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా, ఒకటి రెండింటి మధ్య. ప్రతిదాని కంపనం కొద్దికొద్దిగా వేరు, అన్నీ కలిసి కొండ. మిథనాల్‌ని ద్రవంగా చూస్తే ఓహెచ్ 3330 ప్రాంతంలో వందల వేవ్ నంబర్ల (సెంటీమీటరుకి ఎన్ని తరంగాలో చెప్పే కొలత, కంపనం ఎంత వేగమైతే అంకె అంత పెద్దది) వెడల్పున పరుచుకుంటుంది. అదే మిథనాల్ ఆర్గాన్‌లో ఒంటరిగా ఉంటే 3667 దగ్గర ఒకటి రెండు వేవ్ నంబర్ల సన్నటి గీత. పక్కన ఇంకో మిథనాల్ చేరి జంటయితే ఆ గీత 3500లకి దిగుతుంది, అదీ విడిగానే కనబడుతుంది. ఒంటరి ఎక్కడ, జంట ఎక్కడ, ముగ్గురు కూడితే ఎక్కడ అని వేరు వేరుగా లెక్కపెట్టొచ్చు. అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో అర్థం చేసుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే సూటి దారి లేదు.

మీ మెషీన్‌తో సాధ్యమే. మీరు 4 వేవ్ నంబర్ల రిజల్యూషన్‌లో తీస్తుంటారు, మేం 1 లేదా 0.5లో తీస్తాం. అది సాఫ్ట్‌వేర్‌లో మార్చుకునే సంగతి. నమూనా పెట్టే అర ఖాళీ చేసి, అందులో క్రయోస్టాట్ దించాలి, దానికి పంపులు, గ్యాసు కలిపే గాజు లేదా స్టీలు గొట్టాల వరస కావాలి. అయితే మందు అణువులకి ఇది సరిపడదు. ఆవిరి కావాలి కదా ముందు. పెద్ద అణువు ఆవిరయ్యేలోపే చాలాసార్లు మాడి విరిగిపోతుంది. మీ పనికి పెల్లెట్టే మంచిది. అగేట్ కల్వం బాగా ఆరబెట్టి వాడండి, మీ కొండలో సగం అసలు మందుది కాదేమో, తేమదేమో చూడండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా ఇంట్లో వీణలు చేస్తారు. అణువులో బంధం కంపిస్తుందంటే వీణ తీగలాగేనా?
- గొల్లపల్లి, బొబ్బిలి మండలం

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న నీది నాన్నా. చాలా దూరం వరకు, అవును. మీ ఇంట్లో బిరడ తిప్పి తీగ వదులు చేస్తే స్వరం దిగుతుంది కదా. నీటి అణువులో ఓహెచ్ కూడా అంతే. ఇంకో నీటి అణువులోని ఆక్సిజన్ ఆ హైడ్రోజన్‌ని తనవైపు లాగితే, అసలు బంధం కాస్త వదులవుతుంది. 3700 పైన ఉండాల్సిన కంపనం ఆర్గాన్‌లో 3574కి దిగుతుంది. ఆ దిగడాన్ని కొలిచి, ఆ లాగుడు ఎంత గట్టిదో అంచనా కడతాం. లాగే ఆ బలం హైడ్రోజన్ బంధం. రెండు నీటి అణువుల మధ్య అది అసలు ఓహెచ్ బంధం కంటే ముప్పై రెట్లకు పైగా బలహీనం. గది వేడికి అలాంటి జంట గాలిలో ఎక్కువసేపు నిలవదు. 12 కెల్విన్ల దగ్గర విడిపోయేంత శక్తి దానికి దొరకదు, అందుకే పట్టుబడుతుంది.

మందం తీగ వేస్తే మంద్రం పలుకుతుందని నీకు చెప్పక్కర్లేదు. హైడ్రోజన్ బదులు దానికి రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెడితే, ఆవిరిలో 3756 దగ్గరున్న నీటి కంపనం 2788కి వస్తుంది. బంధం అదే, బిగువు అదే, బరువొక్కటే మారింది. తేడా కూడా చెబుతాను. నీ తీగని ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా మీటొచ్చు. అణువు మెట్లు మెట్లుగానే శక్తి తీసుకుంటుంది, రెండు మెట్ల నడుమ ఆగదు. ఇక వేగం: నీ తీగ సెకనుకి వందలసార్లు ఊగితే, ఓహెచ్ సుమారు 110 లక్షల కోట్ల సార్లు.

ఇంకో వింత. నీటి అణువు చాలా చిన్నది, ఆర్గాన్ గూట్లో ఆ చలిలో కూడా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అందుకే దాని గీత ఒకటిగా రాదు, చీలి మూడు నాలుగుగా వస్తుంది. ఆర్గాన్ తీసేసి నైట్రోజన్ పెడితే తిరగలేదు, గీతలు తగ్గిపోతాయి. గూడు మారితే పక్షి పాట మారుతుంది. ఏ గూట్లో చూశామో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పకూడదని మా గైడు కోప్పడేవారు.

ప్రశ్న: ఆ పద్ధతి మీద నాకో అనుమానం. తెర మీద ఒక కొత్త గీత కనబడగానే అది ఫలానా అణువుదని ఎలా నమ్ముతారు? కంటికి కనబడని దానికి పేరు పెట్టడం ఊహ కాదా?
- డిగ్రీ మూడో సంవత్సరం విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ఈ అనుమానం ఎప్పటికీ వదులుకోకు. నాకిది రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ కథ చెబుతాను.

1994. మిథనాల్, ఎసిటిలీన్ కలిస్తే ఎలాంటి జంట కడతాయో చూస్తున్నాను. రెండూ ఆర్గాన్‌తో కలిపి పోశాను, స్పెక్ట్రం తీశాను. తర్వాత బిళ్లని 32 కెల్విన్ల దాకా కాస్త వెచ్చబెట్టాను. అలా చేస్తే ఆర్గాన్ గడ్డ కొంచెం మెత్తబడుతుంది, దగ్గర్లో ఉన్న అణువులు నడిచొచ్చి జతపడతాయి. మళ్లీ 12కి దించి స్పెక్ట్రం తీశాను. 3574 దగ్గర ఒక గీత పెరిగింది. వెచ్చబెడితే పెరిగేది జంటే కదా. రాత్రి పదకొండు దాటింది, కంప్రెసర్ చుక్కు చుక్కుమంటోంది. నా జంట దొరికిందనుకుని ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మరో మూడు వారాలు అదే గీత మీద పని చేశాను, లెక్కలు వేశాను, ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

మా గైడు ఆ కాగితాలన్నీ ఓపిగ్గా చూసి ఒక్క మాట అన్నారు. "రేపు ఏమీ కలపకుండా ఉత్త ఆర్గాన్ పోసి చూడు." పోశాను. మిథనాల్ లేదు, ఎసిటిలీన్ లేదు, 3574 ఉంది. దానికి కొంచెం పైన 3711, 3756, 3776 దగ్గర కూడా సన్న గీతలున్నాయి. అవి ఒంటరి నీటి అణువువి. అన్ని స్పెక్ట్రాల్లోనూ కొద్దికొద్దిగా ఉంటాయిలే అని నేను పట్టించుకోనివి. 3574 రెండు నీళ్ల జంట. అతుకుల్లోంచి గాలి రాకుండా పెట్టే ఒక రబ్బరు ఓ-రింగు మీద వెంట్రుకంత పగులు ఉంది, ఆ సందులోంచి గది తేమ లోపలికి వస్తోంది. ఆ రోజు హాస్టల్ గదికి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

కొన్నాళ్లకి చదివి తెలుసుకున్నాను, ఇది నా ఒక్కదాని కథ కాదని. 1970ల మొదట్లో సైక్లోబ్యుటాడైయీన్ అనే అణువుని ఆర్గాన్‌లో పట్టుకున్నారు. నాలుగు కార్బన్ల చట్రం, అత్యంత అస్థిరం, దశాబ్దాలుగా రసాయన శాస్త్రవేత్తలు వెతికినది. అది చతురస్రమా, దీర్ఘచతురస్రమా అన్నది పెద్ద వాదం. పరారుణ గీతలు కొన్నే కనబడ్డాయి కాబట్టి చతురస్రమే అనుకున్నారు. అందులో 650 ప్రాంతంలో ఉన్న ఒక గీత అసలు ఆ అణువుదే కాదు. దాన్ని తయారు చేసే చర్యలో కార్బన్ డయాక్సైడ్ కూడా విడుదలవుతుంది, అది ఎక్కడికీ పోలేక అదే గూట్లో పక్కనే ఇరుక్కుంటుంది. ఆ గీత దానిది. మరింత జాగ్రత్తగా చూశాక చిన్న చిన్న గీతలు ఇంకా బయటపడ్డాయి. 1978 నాటికి దీర్ఘచతురస్రమని తేలింది.

ఇంకోటి. ఈ పద్ధతికి పునాది వేసిన పిమెంటెలే 1969లో మారినర్ 6, మారినర్ 7 నౌకల మీద అంగారకుడికి పరారుణ స్పెక్ట్రోమీటర్ పంపారు. అంగారకుడి దక్షిణ ధ్రువం దగ్గర మీథేన్, అమ్మోనియా గీతలు కనబడ్డాయని ఆ ఆగస్టులో ఆయన ప్రకటించారు. మీథేన్ అంటే జీవం ఉందేమోనని లోకం చెవులు నిక్కించింది. తర్వాత చూస్తే అవి గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ గీతలు. ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అంతటి మనిషి బహిరంగంగా తప్పు దిద్దుకున్నాడని చదివాకే నేను నా 3574 సంగతి సెమినార్‌లో అందరి ముందూ చెప్పగలిగాను.

మరి ఎలా నమ్మాలి అంటావు. ఉత్త ఆర్గాన్‌తో మొదలుపెట్టు, అందులో ఉన్నదాన్ని నీ ఖాతాలో వేసుకోకు. ఒక్కో పదార్థాన్నీ విడివిడిగా పోసి చూడు. రెండూ ఉన్నప్పుడే వచ్చి, ఏ ఒక్కటి ఉన్నా రాని గీత మీదే ఆశ పెట్టుకో. ఒకదాని పాలు పెంచు, రెండోది అలాగే ఉంచు. ఒకటికొకటి చొప్పున కట్టిన జంటైతే ఒక తీరులో పెరుగుతుంది, ఇద్దరికి ఒకరైతే ఇంకా వేగంగా పెరుగుతుంది. క్వాంటం లెక్కల్లో వచ్చిన అంకె నీ గీతకి దగ్గరుంటే సంతోషించు, కానీ దాన్నే సాక్ష్యం అనకు. లెక్కలో ఆర్గాన్ గూడు ఉండదు.

అన్నిటికంటే నేను నమ్మేది ఐసోటోపు మార్పిడి, అంటే ఒక పరమాణువు బదులు అదే మూలకంలో బరువు వేరైన పరమాణువుని పెట్టడం. గీత కార్బన్‌దని అనుమానమా? కార్బన్ 13 ఉన్న పదార్థంతో మళ్లీ చెయ్యి. కార్బన్ డయాక్సైడ్‌లో 2349 దగ్గరుండే కంపనం అప్పుడు 2283కి దిగుతుంది. హైడ్రోజన్‌ది అయితే డ్యుటీరియం పెట్టగానే వందల వేవ్ నంబర్లు దూకుతుంది. నువ్వు పేరు పెట్టిన పరమాణువు బరువు మార్చావు, గీత కదిలింది. కదలకపోతే అది వేరేవాళ్లది. ఇందులో ఊహకి చోటెక్కడుంది చెప్పు? మేస్త్రీ గోడ మీద ఎక్కడికక్కడ తట్టి బోలు ఎక్కడుందో చెబుతాడు. ఇటుక బయటికి తీసి చూపించమని మనం అడగం కదా.

నీ కాలేజీలో క్రయోస్టాట్ లేదని తెలుసు. ఎఫ్‌టీఐఆర్ ఉంటే చాలు. ముందు ఖాళీగా ఒకటి తియ్యి. గదిలో గాలి ఒక్కటే పెట్టి తీసినా నీటి ఆవిరి గీతలు, 2349 ప్రాంతంలో కార్బన్ డయాక్సైడ్ కనబడతాయి. ఆ కాగితం గోడకి అంటించుకుని, తర్వాత తీసే ప్రతి స్పెక్ట్రం దాని పక్కన పెట్టి చూడు.

ప్రశ్న: అమ్మా, నాది విజయనగరం, వెల్డింగ్ షాపు. టిగ్ వెల్డింగ్‌కి ఆర్గాన్ సిలిండర్ వాడతాను. మీరు చెప్పిన ఆర్గాన్ ఇదేనా? దేనితోనూ కలవని గ్యాసని మాకు చెప్పారు, నిజమేనా?

జవాబు: అదే ఆర్గాన్ బాబూ. మనం పీల్చే గాలిలో నూటికి 0.93 పాళ్లు అదే. గాలిని ద్రవంగా మార్చి, మరిగే చలిలో తేడా పట్టుకుని వేరు చేస్తారు. మీకు అది అతుకు చుట్టూ కాపలా కాస్తుంది, వేడి లోహానికి ఆక్సిజన్ తగలనివ్వదు. మాకూ కాపలానే, ఒక అణువుని ఇంకో అణువు ముట్టుకోకుండా. మీ సిలిండర్ నేను తీసుకోను గానీ. మా అతిథి అణువు వెయ్యిలో ఒకటి. ఆర్గాన్‌లో లక్షకి ఒకటి చొప్పున తేమ ఉన్నా నా స్పెక్ట్రంలో కనబడుతుంది, ఆ 3574 లాగా. అందుకే 99.999 శాతం శుద్ధి ఉన్నదే కొంటాం, అది కూడా లోపలికి వదిలేముందు చల్లటి గొట్టంలోంచి పంపి తేమ పట్టేస్తాం.

దేనితోనూ కలవదన్నది 2000 సంవత్సరం దాకా నిజం. ఆ ఏడాది ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో మార్కు రాసానెన్ బృందం హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని ఆర్గాన్‌లో గడ్డకట్టించి, అతినీలలోహిత కాంతి పంపి, కాస్త వెచ్చబెట్టింది. 1970 దగ్గర కొత్త గీత వచ్చింది. హైడ్రోజన్‌కీ ఫ్లోరిన్‌కీ నడుమ ఆర్గాన్ చేరి బంధం కట్టింది. కాపలా కాయాల్సిన గోడే వచ్చి పంక్తిలో కూర్చుంది. ఆ గీత ఎవరిదన్న ప్రశ్న వాళ్లకీ వచ్చింది. వాళ్లు డ్యుటీరియం పెట్టి చూశారు, ఆ తర్వాత ఆర్గాన్‌నే మార్చి చూశారు. మామూలు ఆర్గాన్ బరువు 40. దాని బదులు 36 బరువున్న ఆర్గాన్ వాడితే గీతలు కదిలాయి. ఆర్గాన్ నిజంగా ఆ అణువులో భాగమైతేనే కదులుతాయి.

36 ఆర్గాన్ చాలా అరుదు, కొనాల్సిందే. మీ షాపులో సిలిండర్‌లో ఉన్నది 99.6 శాతం 40 ఆర్గాన్. అది భూమి పుట్టినప్పటి నుంచి రాళ్లలోని పొటాషియం కొంచెం కొంచెంగా క్షయిస్తూ గాలిలోకి వదిలినది.